గీత దాకా నీళ్ళు

"ఈ బండి ఏదో ఒక రోజు నిన్ను కొండ మీద దించేసి ఊరుకుంటుందే," అన్నాను.

అప్పటికింకా ఏమీ జరగలేదు. మంగళవారం, పొద్దున్న ఆరున్నర. మా అమ్మాయి వంటగది గుమ్మం మీద కూర్చుని బూట్ల తాళ్ళు కట్టుకుంటోంది.

"నీ నోటికి జడిసి ముందు అదే దిగిపోతుందిలే," అంది తల ఎత్తకుండా.

"నవ్వులాట కాదు. నిన్న నువ్వు ఇంటికొచ్చేసరికి నీ వేళ్ళు నీలంగా ఉన్నాయి. హీటర్ పనిచెయ్యని బండిలో, ఈ చలిలో, ఆ రోగులను కూర్చోబెట్టుకుని..."

"పనిచేస్తుందమ్మా. బండి ఆగినప్పుడు చల్లగాలి కొడుతుంది, పరుగెత్తితే కాస్త వెచ్చబడుతుంది. ఇవాళ మేస్త్రి బాబాయ్ వచ్చి చూస్తానన్నాడుగా. నువ్వు అనుకున్నవన్నీ జరిగి ఉంటే ఈపాటికి మనింట్లో ఒక్కరూ మిగిలేవాళ్ళు కాదు." లేచి నిలబడి నా వైపు వేలు చూపించింది. "నువ్వు మాత్రం దాని జోలికి రాకు."

ఆ చివరి మాట ఊరికే అన్నది కాదు. ఎందుకన్నదో చెప్పాలి.

మా ఊరికీ పెద్దాసుపత్రికీ మధ్య ఒక కొండ ఉంది. పదకొండు మలుపులెక్కి అవతలికి దిగాలి. మూత్రపిండాలు పాడైనవాళ్ళు మా పేటలో ఆరుగురున్నారు. వాళ్ళకు సోమ, బుధ, శుక్రవారాలు ఆ ఆసుపత్రిలో యంత్రం మీద రక్తం శుభ్రం చేయించుకోక తప్పదు. మా అమ్మాయి వాళ్ళను తీసుకువెళ్ళి తీసుకువస్తుంది. బండి ఇరవై ఏళ్ళ నాటిది. ఒకప్పుడు లాండ్రీ వాళ్ళది, పక్కన గీకేసిన అక్షరాలు ఎండ పడితే ఇప్పటికీ కనిపిస్తాయి. మా ఆయనకూ అదే జబ్బు. ఆయన రోజుల్లో ఈ బండి లేదు. మంచు పడిన వారం రెండుసార్లు ఆసుపత్రికి వెళ్ళడం తప్పింది. మూడోసారి అవసరం రాలేదు. ఆ తరువాతే అమ్మాయి ఈ పనిలోకి దిగింది. అందుకే ఆమెను ఒక్క రోజు మానెయ్యమంటే కొట్టినట్టు చూస్తుంది.

నేను ఒకసారి అంతకంటే ఎక్కువే చేశాను. పోయిన ఏడాది పొగమంచు దట్టంగా పట్టిన ఒక పొద్దున బండి తాళం తీసి బియ్యం డబ్బాలో పెట్టాను. ఆరుగురు మనుషులు రెండు గంటలు వాకిళ్ళలో నిలబడ్డారు. తాళం దొరికాక అమ్మాయి అరవలేదు. అరిచినా బాగుండేది. "ఆసుపత్రి పక్కన ఒక గది ఉంది. నర్సమ్మ చూపించింది. ఎప్పుడైనా వచ్చి ఉండమన్నారు. ఇంకోసారి నువ్వు బండి మీద చెయ్యి వేశావంటే నేను అక్కడికి వెళ్ళిపోతాను," అంది మెల్లగా, లెక్క చెప్పినట్టు. ఆమె అలా మెల్లగా అన్న మాటను తప్పడం నేనెప్పుడూ చూడలేదు.

అయినా చెయ్యి వేశాను.

చలి మొదలైన కొత్తలో ఒక పొద్దున షెడ్డు ఊడవడానికి వెళితే బండి ముందు చక్రాల మధ్య నేల మీద అరచేతంత తడి కనిపించింది. బానెట్ ఎత్తడం నాకు తెలుసు, చాలాసార్లు చూశాను. లోపల ఒక పక్కన ప్లాస్టిక్ డబ్బా ఉంటుంది, పాతబడి టీ రంగుకు వచ్చింది. దాని మీద ఒక గీత. నీళ్ళు ఆ గీత దాకా ఉండాలని అమ్మాయి ఎవరికో చెబుతుండగా విన్నాను. ఆ రోజు గీతకు ఒక వేలు కింద ఉన్నాయి. చెబితే ఏమవుతుంది? బండి దగ్గరికి ఎందుకెళ్ళావంటుంది. చెప్పకపోతే కొండ మీద నీళ్ళు లేక బండి ఆగుతుంది. రెంటికీ మధ్య నాకు ఒక దారి దొరికింది. సగం గ్లాసు నీళ్ళు తెచ్చి పోశాను. కింద తడిని గుడ్డతో తుడిచేశాను. గీత దాకా వచ్చాయి. ఆ రోజంతా నేను నిశ్చింతగా ఉన్నాను. నా జన్మలో అలాంటి రోజులు వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు.

మర్నాడు కూడా చూశాను. మళ్ళీ తగ్గాయి, మళ్ళీ పోశాను. రెండు నెలలుగా ఇదే నా పని. అమ్మాయి లేవకముందే లేవడం, తుడవడం, పోయడం. సగం గ్లాసు గ్లాసయింది, గ్లాసు రెండయింది, పోయిన వారం నుంచి జగ్గు పడుతోంది. ఆమె మాత్రం రోజూ బండి తీసేముందు బానెట్ ఎత్తి చూసుకుని, తృప్తిగా దించేది.

ఆ మంగళవారం పది గంటలకు మేస్త్రి వచ్చాడు. ఊళ్ళో ఆయన్ను చెవి మేస్త్రి అంటారు. పొడుగాటి స్క్రూడ్రైవర్ మొన ఇంజన్ మీద ఆనించి, పిడి కుడిచెవికి పెట్టుకుని వింటాడు. ఎడమచెవి బొత్తిగా వినపడదు. "బండి దగ్గితే పక్క వీధి నుంచి వినిపిస్తుంది, మనం పిలిస్తే మాత్రం భుజం తట్టాలి," అంటుంది మా అమ్మాయి.

ఇంజన్ తిరుగుతుండగా ఆయన చాలాసేపు విన్నాడు. అప్పుడు రెండు లావు పైపులను ఒకదాని తరువాత ఒకటి పట్టుకున్నాడు.

"ఇలా రా అమ్మాయ్. ఇది పట్టుకో."

"కాలుతోంది."

"ఇప్పుడిది."

"ఇది చల్లగా ఉంది."

"ఈ రెండూ నీ కాళ్ళ దగ్గరున్న హీటర్‌లోకి వెళ్ళేవే. వేడినీళ్ళు దీంట్లోంచి వెళ్ళి దాంట్లోంచి తిరిగి రావాలి. వెళ్తున్నాయి, రావడం లేదు. కొండ ఎక్కుడులో వేడి చూపే ముల్లు ఎంతదాకా పోతోంది?"

"సగం దాటుతోంది. నిన్న తొమ్మిదో మలుపు దగ్గర ఎరుపుకు రెండు గీతలు కింద దాకా పోయింది. పైన కాసేపు ఆపితే దిగింది."

"ఇంజన్ ఉడుకుతోంది, మనుషులు వణుకుతున్నారు. వేడి ఉండాల్సిన చోటికి పోవడం లేదన్నమాట." మేస్త్రి స్క్రూడ్రైవర్‌ను జేబులో పెట్టుకున్నాడు. "లోపల గాలి చేరి ఉండాలి, లేకపోతే పూడిక ఉండాలి, లేకపోతే నీళ్ళను తిప్పి పంపే వాల్వ్ బిగుసుకుపోయి ఉండాలి. ఇప్పుడొకటి అడుగుతాను, ఆలోచించి చెప్పు. నీళ్ళు తగ్గుతున్నాయా?"

"చుక్క తగ్గడం లేదు."

"గట్టిగా చెప్పు."

"రోజూ చూస్తాను బాబాయ్. బండి తీసేముందు చూడకుండా ఒక్క రోజు వెళ్ళలేదు. ఒట్టు. గీత మీద గీసినట్టు ఉంటాయి. మూత తీసే పనే పడలేదు."

ఆయన వంగి బండి కిందికి చూశాడు. నేల పొడిగా ఉంది. పొడిగా ఎందుకుండదు, తెల్లవారుజామునే తుడిచాను. తుడిచిన గుడ్డ ఇంకా నా చేతిలోనే ఉంది, తడితడిగా. దాన్ని కొంగు చాటున పెట్టుకున్నాను.

మేస్త్రి నిలబడి, కుడిచెవి నా వైపు తిప్పాడు. "అక్కా, షెడ్డు ఊడ్చేది నువ్వేగా. కింద ఎప్పుడైనా తడి చూశావా?"

అమ్మాయి నా వైపు చూసింది. మామూలుగానే చూసింది. నాకు మాత్రం ఆసుపత్రి పక్కన గది కనిపించింది. అందులో ఒక మంచం, కిటికీకి పరదా, మేకుకు వేలాడుతున్న ఆమె కోటు.

"నాకేం తెలుసు తమ్ముడూ," అన్నాను. "నన్ను దాని దగ్గరికి రానివ్వదుగా."

అమ్మాయి నవ్వింది. మేస్త్రి కూడా నవ్వాడు.

"అయితే కారడం లేదు. నీళ్ళు తగ్గకపోతే వాటిని తోసే పంపు జోలికి పోనక్కరలేదు, దాన్ని చూడాలంటే ముందున్నదంతా విప్పాలి, ఒక రోజు పని. వాల్వే అయి ఉంటుంది. సామాను గురువారానికి వస్తుంది, వచ్చిన గంటలో మార్చేస్తాను. రేపు తప్పనిసరిగా పోవాలా?"

"బుధవారం కదా."

"అయితే ముల్లు మీద కన్ను వేసి ఉంచు. ఎరుపు దగ్గరికొస్తే ఆపెయ్యి. మూత మాత్రం తియ్యకు, మొహం ఊడిపోతుంది."

ఆయన వెళ్ళిపోయాడు. నేను గుడ్డను పిండి ఆరేశాను. ఏం కాదులే, గురువారం వాల్వ్ మారుస్తాడు, అంతా సర్దుకుంటుంది అని పదిసార్లు అనుకున్నాను. మామూలుగా నేను అలా అనుకునే మనిషిని కాను. అదే నన్ను ఎక్కువ భయపెట్టింది.

బుధవారం పొద్దున్న లేచేసరికి చలి వేరే రకంగా ఉంది. గాలి లేదు, చప్పుడు లేదు. షెడ్డు తలుపు గడియ చేతికి అతుక్కుంది. బానెట్ ఎత్తి చూస్తే నీళ్ళు ఎన్నడూ లేనంత కిందికి దిగి ఉన్నాయి. మూత తీసి వేలు పెట్టాను. గరగరమంది. నీళ్ళ మీద పాల మీది మీగడలా సన్నటి మంచుపొర. వేలితో గుచ్చితే పగిలింది.

అప్పుడైనా కేకవెయ్యాల్సింది. నేనేం చేశానంటే, వంటింట్లోకి వెళ్ళి నీళ్ళు కాచాను. ఇంత చలిలో బండికి మాత్రం వేడినీళ్ళు మంచివి కావా అనుకున్నాను. జగ్గున్నర పట్టాయి. పొర కరిగిపోయింది. ఆవిరి పోయేదాకా నిలబడి, మూత బిగించి, నేల తుడిచాను.

అమ్మాయి వచ్చింది. "ఇవాళ మానెయ్యవే," అన్నాను.

"బండి కోసం లెక్కల మాస్టారు ఈపాటికి టోపీ పెట్టుకుని వాకిట్లో నిలబడి ఉంటారు." బానెట్ ఎత్తింది. నా చెయ్యి పట్టుకుని దగ్గరికి లాగింది. అంత దగ్గరికి నన్ను రానివ్వడం అదే మొదటిసారి. "చూడు, నీ కళ్ళతోనే చూడు. గీత మీద ఉన్నాయా? ఇంక ఇంట్లో కూర్చుని చావకు."

"ఉన్నాయి," అన్నాను.

ఇంట్లో ఉన్న దుప్పట్లన్నీ ఎత్తుకుపోయి సీట్ల మీద వేసింది. బండి వీధి మలుపు తిరిగేదాకా చూశాను. వెనక గొట్టంలోంచి తెల్లటి ఆవిరి వస్తోంది. చలికి అన్ని బండ్లకూ వస్తుంది. ఆ మాట పైకే అనుకున్నాను, ఎవరూ వినడానికి లేకపోయినా.

తొమ్మిదింటికి గిన్నెలు కడగడానికి పెరట్లోకి వెళ్ళాను. సాయంత్రం నింపిపెట్టిన ప్లాస్టిక్ బకెట్ పంపు కింద నిలువునా పగిలి ఉంది. పగులులోంచి నీళ్ళు కారలేదు. లోపల నీళ్ళే లేవు, బకెట్ ఆకారంలో ఒక గడ్డ ఉంది. దాన్ని చూస్తూ ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. గిన్నెలు అక్కడే వదిలేసి, చెప్పులు కూడా సరిగా వేసుకోకుండా మేస్త్రి షెడ్డుకు పోయాను.

ఆయన ఏదో చక్రం విప్పుతున్నాడు. భుజం తట్టాను.

"తమ్ముడూ, ఒక మాట. బండి డబ్బాలో నీళ్ళ మీద మంచు కడితే ఏమవుతుంది?"

"కట్టదు అక్కా. అందులో ఉండేది ఉత్త నీళ్ళు కాదు. కూలెంట్ కలుస్తుంది. అది ఈ మాత్రం చలికి గడ్డకట్టదు."

"కడితే?"

"కడితే అది కూలెంట్ కాదు, నీళ్ళే అని అర్థం. ఎవరి బండి?"

"ఎవరిదో. ఊరికే అడుగుతున్నాను. కడితే ఏమవుతుంది?"

ఆయన పానా కింద పెట్టి, గుడ్డతో చేతులు తుడుచుకుంటూ చెప్పాడు. చెబుతున్నంతసేపూ నా మొహమే చూశాడు. "ముందుభాగంలో జల్లెడలాంటిది ఉంటుంది, రేడియేటర్. ఎదురుగాలి దానికే కొడుతుంది. ఉత్త నీళ్ళయితే బండి నడుస్తుండగానే అక్కడ గడ్డకడతాయి. అది పూడుకుపోతే నీళ్ళు తిరగవు. ఇంజన్ దగ్గరున్న నీళ్ళు చల్లబడే దారి లేక మరుగుతాయి. హీటర్‌లోకి వేడి రాదు. కిందేమో గడ్డ, పైనేమో మరుగు. చివరికి ఇనుమే పగులుతుంది." గుడ్డను భుజాన వేసుకున్నాడు. "అక్కా, పోయిన చలికాలం మీ బండికి కూలెంట్ పోసింది నేనే. అందులో నీళ్ళు ఎవరు పోశారు?"

నేను వంగి చెప్పులు సరిగా వేసుకున్నాను.

"నిన్న నేను అడిగాను."

"అడిగావు."

"ఎంత పోశావు?"

చెప్పాను. సగం గ్లాసు దగ్గర్నుంచి ఈ పొద్దుటి జగ్గున్నర దాకా, వేడినీళ్ళతో సహా, తుడిచిన గుడ్డతో సహా చెప్పాను. ఆయన వేళ్ళు ముడుస్తూ లెక్క వేశాడు. రెండో చేతికి వచ్చేసరికి లెక్క ఆపేశాడు.

"ఇంక అందులో కూలెంట్ పేరుకు కూడా లేదు," అన్నాడు. "పంపు కారుతోంది, నువ్వు నింపుతున్నావు. నిన్న ఒక్క చుక్క తడి కనిపించి ఉంటే ఆ బండిని కదలనిచ్చేవాణ్ణి కాదు."

ఫోన్ తీసి అమ్మాయికి చేశాడు. స్పీకర్లో పెట్టాడు. మోగింది, మోగింది, ఆగిపోయింది. మళ్ళీ చేశాడు. ఈసారి మోగనే లేదు. ఆయన బండ్లను లాగే ట్రక్కు తాళం తీసుకున్నాడు. నేను అడగకుండానే పక్క సీట్లోకి ఎక్కాను.

ఎక్కుడు మొదలైంది. మలుపులు లెక్కపెట్టాను. నా చేతిలో ఫోన్, ఆపకుండా చేస్తూనే ఉన్నాను. ట్రక్కు హీటర్ బాగా పనిచేస్తోంది, కాళ్ళకు వెచ్చగా తగులుతోంది. ఆ వెచ్చదనం నాకు భరించరానిదిగా ఉంది. కాళ్ళు వెనక్కి ముడుచుకున్నాను.

"తమ్ముడూ, అమ్మాయికి నువ్వు చెబుతావా?"

"చెప్పను. నువ్వే చెప్పాలి."

నాలుగో మలుపు దాటాక రోడ్డు మధ్యలో ఒక మరక మొదలైంది. అక్కడో చుక్క, ఇక్కడో చుక్క, పోనుపోను గీతలా కలిసిపోయింది. నల్లటి రోడ్డు మీద మెరుస్తోంది. మేస్త్రి ట్రక్కు ఆపి దిగాడు. గోటితో కొంచెం గీకి, నాలుక చివర పెట్టుకుని, వెంటనే ఉమ్మేశాడు.

"కూలెంట్ తియ్యగా ఉంటుంది," అన్నాడు ఎక్కుతూ. "ఇది ఉత్త నీళ్ళు."

ఆరో మలుపులో ఆ గీత వెడల్పయింది. ఏడో మలుపు తిరగ్గానే మా బండి కనిపించింది. రోడ్డు అంచుకు ఒరిగి ఆగి ఉంది. బానెట్ పైకి లేచి ఉంది. అద్దాలన్నీ లోపలి నుంచి తెల్లగా మూసుకుపోయాయి. ట్రక్కు ఆగీ ఆగకముందే దిగి పరుగెత్తాను. అద్దం మీద కొట్టాను. పలకలేదు. తలుపు లాగాను. లోపల ఎవరూ లేరు. దుప్పట్లు లేవు. సీటు మీద మాస్టారి టోపీ ఒక్కటి ఉంది.

నేను ఆ టోపీ పట్టుకుని లోయలోకి చూశాను. ఎందుకు చూశానో మీకు వేరే చెప్పక్కరలేదు.

"అక్కా, ఇటు," అని మేస్త్రి రోడ్డు అవతలి అంచు చూపించాడు. తెల్లటి మంచు మీద అడుగులు. కొన్ని ఈడ్చుకుంటూ నడిచినవి, కొన్ని లోతుగా దిగినవి. వంద గజాల పైన రోడ్డు పనివాళ్ళు సామాను పెట్టుకునే గది ఉంది. దాని గొట్టంలోంచి పొగ వస్తోంది.

తలుపు తోశాను. ఆరుగురూ ఉన్నారు. ఇనుప పొయ్యి చుట్టూ దుప్పట్లలో మూటల్లా కూర్చుని ఉన్నారు. మా అమ్మాయి మోకాళ్ళ మీద కూర్చుని దర్జీ పిన్నిగారి పాదాలు రుద్దుతోంది. ఆరుగురిలోనూ బలహీనురాలు ఆవిడే. లోతుగా దిగిన అడుగులు ఎవరివో అప్పుడు అర్థమైంది, పిన్నిగారిని వీపున మోసుకొచ్చింది మా అమ్మాయి. పిన్నిగారి పెదవులు సిరా పూసినట్టున్నాయి. కళ్ళు తెరిచే ఉన్నాయి గాని ఎవరినీ చూడడం లేదు.

"రండమ్మా, ఇంకో మనిషి వస్తే గది ఇంకాస్త వెచ్చబడుతుంది," అన్నారు లెక్కల మాస్టారు. "నా టోపీ కూడా తెచ్చారు. బుర్ర గడ్డకట్టిపోయింది, రెండు రెళ్ళు ఎంతో గుర్తురావడం లేదు." ఎవరూ నవ్వలేదు. ఆయన పళ్ళు కొట్టుకుంటున్నాయి.

"నువ్వెందుకొచ్చావు?" అంది అమ్మాయి. కోపంగా కాదు, అలసటగా. "ఫోన్ ఇక్కడ పలకడం లేదు. కొండ మీదికి నడిచి ఆసుపత్రికి ఫోన్ చేసి వచ్చాను. వాళ్ళ బండి అవతల్నుంచి వస్తోంది." మేస్త్రిని చూసి లేచింది. "ముల్లు ఒక్కసారిగా లేచింది బాబాయ్. లేచీ లేవగానే ఆపేశాను. హీటర్ మాత్రం మంచుగాలి కొట్టింది. రండి, చూపిస్తాను."

ముగ్గురం బండి దగ్గరికి వచ్చాం. మేస్త్రి పై పైపు దగ్గరికి చెయ్యి తీసుకెళ్ళి, తగలకముందే వెనక్కి తీసుకున్నాడు. కింది పైపును నొక్కాడు, నొక్కుపడలేదు. స్క్రూడ్రైవర్ పిడితో తట్టాడు. రాయిని తట్టినట్టు చప్పుడైంది. ఇంజన్ పక్కన రూపాయి బిళ్ళంత మూత ఒకటి ఉండాల్సిన చోట గుండ్రటి రంధ్రం ఉంది. దాని అంచున మంచు పెచ్చు కట్టింది.

"గడ్డకట్టింది," అన్నాడు.

"ఎలా కడుతుంది?" అంది అమ్మాయి. "మీరు పోసిన కూలెంటే కదా. ఒక్క చుక్క తగ్గలేదు, నేనొక్క చుక్క కలపలేదు. ఎలా కడుతుంది?"

మేస్త్రి తన చేతులు చూసుకున్నాడు. ఆమె కూడా ఆ చేతుల వైపే చూస్తూ నిలబడింది, జవాబు అందులో ఉన్నట్టు.

"నేను పోశాను," అన్నాను. "రెండు నెలల నుంచి. నువ్వు లేవకముందు. కింద కారింది కూడా తుడిచేశాను."

ఆమె నా వైపు తిరిగింది. ఏదో అంటుందని చూశాను. ఆమె బానెట్ కర్ర తీసి, చప్పుడు కాకుండా దించి, రెండు చేతులతో నొక్కి మూసి గది వైపు నడిచి వెళ్ళిపోయింది.

ఆసుపత్రి బండి వచ్చేసరికి గంటన్నర పట్టింది. ఆ గంటన్నరలో ఆమె మాస్టారితో మాట్లాడింది, మిగతావాళ్ళతో మాట్లాడింది, పిన్నిగారి చెవి దగ్గర వంగి ఏదో చెబుతూనే ఉంది. నాతో మాట్లాడలేదు. నేను పొయ్యిలో పుల్లలు పెడుతూ కూర్చున్నాను. బండిలోంచి దిగిన నర్సమ్మ పిన్నిగారి మణికట్టు పట్టుకుని చూసింది. ముందు ఆవిడనే ఎక్కించండి అంది. తలుపు వేసేముందు మా అమ్మాయి భుజం మీద ఒకసారి చెయ్యి వేసింది.

మా బండిని ట్రక్కుకు గొలుసుతో కట్టారు. ముందు సీటు మీద ముగ్గురం కూర్చున్నాం. మేస్త్రి, మధ్యలో అమ్మాయి, ఇటువైపు నేను. అమ్మాయి భుజం నా భుజానికి తగులుతోంది, తప్పుకోవడానికి చోటు లేక. ఆమె కోటు ఇంకా తడిగానే ఉంది. వెనక గొలుసు బిగిసినప్పుడల్లా మా బండి మూలిగినట్టు చప్పుడవుతోంది.

అయిదో మలుపు దగ్గర ఆమె ఫోన్ మోగింది. విని, "సరే," అని పెట్టేసింది. మేస్త్రి అడిగితే, "అయిదుగురిని యంత్రం మీద పడుకోబెట్టారట. పిన్నిగారిని వేరే గదికి తీసుకెళ్ళారట," అంది. వేరే గది అంటే ఏమిటో ఆయన అడగలేదు. నేనూ అడగలేదు. అక్కడికి తీసుకెళ్ళినవాళ్ళు మామూలుగా తిరిగి రారని మా ఇంట్లో ఇద్దరికీ తెలుసు.

నాలుగో మలుపు దాటింది. రోడ్డు మీద ఆ మరక ఇంకా అలాగే ఉంది. ఎండ వచ్చింది గాని దాన్ని కరిగించే ఎండ కాదు. ఒక్క మాట అడగకుండా ఇంటిదాకా పోలేననిపించింది.

"ఆసుపత్రి పక్కన గదికి వెళ్ళిపోతావా?" అన్నాను.

ఆమె ముందుకు చూస్తూ కూర్చుంది. మూడో మలుపు వచ్చింది, పోయింది. మేస్త్రి గేరు మార్చాడు. రెండో మలుపులో ఎదురుగా ఒక లారీ వస్తే మేస్త్రి పక్కకు తీసి ఆగాడు. లారీ పోయేదాకా ఆగాం. లారీ పోయింది. మళ్ళీ కదిలాం. ఆమె వినలేదేమో అనుకున్నాను. ఇంకోసారి అడగాలనుకున్నాను, అడగలేకపోయాను. మొదటి మలుపు కూడా తిరిగాం. మా పేట ఇళ్ళు కనిపించాయి, మా షెడ్డు కప్పు కనిపించింది.

"నిన్న బాబాయ్ అడిగింది నన్ను ఒక్కదాన్నే కాదు," అంది అప్పుడు. గొంతు మెల్లగా ఉంది. "నిన్నూ అడిగాడు. నువ్వు చెప్పిన దానికి నేను నవ్వాను కూడా."

మేస్త్రి అద్దంలో వెనకబండిని చూస్తున్నట్టు తల అటు తిప్పుకున్నాడు.

"ఆదివారం వెళ్తానమ్మా," అంది.